పదకొండు గంటల కవరు

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ రోజు ఈ సీటు దొరకడం మంచి శకునమే అనుకోవాలి, కాదు, అనుకోకూడదు, శకునాలు చూసుకునే రోజు కాదిది, లెక్క చూసుకునే రోజు. పది దాటి మూడు నిమిషాలైంది. పదకొండింటికి కవరు విప్పుతారు. ఆ కవరు మా ఆయన చొక్కా జేబులో ఉంది, ఆయన ముందు బస్సుకే వెళ్ళిపోయాడు. మా ఆయన. మనసులో అనుకున్నా ఇంకా కొత్తగానే ఉంది, పెళ్ళయి ఆరు వారాలే కదా, కొత్త చెప్పుల్లా అడుగేసినప్పుడల్లా కిర్రుమంటుంది ఆ మాట. రోజూ ఇద్దరం కలిసే ఈ బస్సెక్కుతాం. కానీ మా బృందానికి పెద్ద అయిన మేడమ్ నిన్న సాయంత్రం, రేపొక్కరోజు విడివిడిగా రండి, చూసేవాళ్ళకి బాగుంటుంది అంది. నవ్వుతూనే అంది కానీ మేడమ్ నవ్వుతూ చెప్పేవే తప్పకుండా పాటించాల్సినవి. అందుకని పొద్దున ఒకే గుమ్మంలోంచి ఇరవై నిమిషాల తేడాతో బయటపడ్డాం, క్లాసు ఎగ్గొట్టి సినిమాకి పోయే కాలేజీ పిల్లల్లా. ఆయన మెట్లు దిగినవాడు దిగినట్టే టిఫిన్ డబ్బా మరిచిపోయానని వెనక్కొచ్చాడు, ఆ వంకన వెళ్ళొస్తానని రెండోసారి చెప్పాడు. మనిషి రెండుసార్లు వెళ్ళొస్తానని చెప్పిన పొద్దు చెడిపోవడానికి వీల్లేదు. ఇది శకునం కాదు, ఊరికే సంతోషం.

బయట సన్నగా తుంపర. అద్దం మీద ఆవిరి పట్టి అంగళ్ళ బోర్డులన్నీ అలుక్కుపోయి కనిపిస్తున్నాయి, ఎర్రగా ఉన్నది మందుల షాపై ఉండాలి, పచ్చగా ఉన్నది చెప్పుల షాపో బ్యాంకో. నా ఉద్యోగం కూడా ఇంతే అని అమ్మకి ఫోన్లో చెబితే, దానికింత చదువెందుకే, కళ్ళజోడు మార్చుకుంటే సరిపోయేదిగా అంది. అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. గెలాక్సీ అంటే కోట్ల కోట్ల నక్షత్రాల గుంపు, దాని నట్టనడుమ ఒక కృష్ణబిలం, అది కనపడదు, వెలుతుర్ని కూడా బయటికి పోనివ్వదు. కనపడని దాన్ని తూకం ఎలా వేస్తావే అంది అమ్మ. మా మామగారిని చూడు అన్నాను. ఆయన ముందుగదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటారు, గుమ్మంలోంచి చూస్తే మనిషి కనపడడు. కానీ ఇంట్లోవాళ్ళు చుట్టూ ఎంత వేగంగా తిరుగుతున్నారో చూస్తే చాలు, నడుమ కూర్చున్నది ఎంత బరువైన మనిషో తెలిసిపోతుంది. అత్తయ్య అయితే కాంతి వేగంతో తిరుగుతుంది. అలాగే నడిమధ్య నక్షత్రాలు ఎంత జోరుగా తిరుగుతున్నాయో కొలిచి, అంత జోరు రావాలంటే లోపల ఎన్ని సూర్యుల బరువుండాలో లెక్కకడతాం. అమ్మ గొంతు తగ్గించి, మీ మామగారి గురించి ఇలాంటివి ఫోన్లో మాట్లాడకు అంది.

ఇదే గెలాక్సీని ఇరవై ఏళ్ళ కిందట మా గ్యాసు మాస్టారు కొలిచారు. గ్యాసు మాస్టారంటే నాకు ఈ పని నేర్పిన మనిషి, ఇప్పుడు రిటైరై ఉన్నిటోపీతో తిరుగుతుంటారు. ఆయన నక్షత్రాలని నమ్మలేదు, బిలం చుట్టూ సుడి తిరిగే వాయువుని కొలిచారు, అందుకే ఆ పేరు. ఆయనకొచ్చింది మూడు కోట్ల పది లక్షల సూర్యులు. పాఠ్యపుస్తకాల్లో అదే ఉంది. ఇప్పుడు నేను నక్షత్రాలతో మళ్ళీ కొలిచాను, నాకెంత వచ్చిందో నాకే తెలియదు. అదే ఆ కవరు. నచ్చిన జవాబు వచ్చేదాకా తప్పులు వెతుకుతాం, వచ్చాక వెతకడం మానేస్తాం, మనుషులం కదా అంటుంది మేడమ్. అందుకని మా బృందంలో ఒక పద్ధతి. అరకి, రెండుకి మధ్య ఏదో ఒక అంకెని కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. అదేంటో ఒక్క మనిషికే తెలుస్తుంది. నా లెక్కలో తేలిన బరువుని ఆ అంకెతో గుణించి గాని తెరమీద చూపించదు. ఇన్నాళ్ళూ నా తెరమీద ఐదు కోట్ల సూర్యులని కనిపిస్తోంది, అసలుది రెండున్నర కోట్లయినా కావొచ్చు, పది కోట్లయినా కావొచ్చు. తప్పులన్నీ దిద్దుకున్నాక, ఇక చాలు అని నేనన్నాక, అందరి ముందూ కవరు విప్పి ఆ అంకెతో భాగిస్తారు. వచ్చింది వచ్చినట్టు అచ్చుకి పోవాలి, కవరు విప్పాక ఒక్క చుక్క కదపకూడదు. ఆ అంకె తెలిసిన ఒక్క మనిషీ లెక్కలతో సంబంధం లేనివాడై ఉండాలని యంత్రాలు చూసుకునే విభాగంలో ఒకాయన్ని ఏరారు. ఏడాది కిందటి మాట. అప్పటికి ఆయనెవరో నాకు తెలియదు, లిఫ్టులో ఎదురైతే ఇద్దరం పైన వెలిగే అంతస్తుల అంకెలు చూసేవాళ్ళం.

తర్వాత అంకెలు చూడడం మానేశాం.

పెళ్ళి శుభలేఖ ఇచ్చినప్పుడు మా అనుమానం అన్న మాట గుర్తొస్తోంది. అనుమానం అంటే నా పక్క గదిలో కూర్చునే ఆయన, వయసులో మాకంటే పదిహేనేళ్ళు పెద్ద, లిఫ్టు బొత్తాం నొక్కాక వెలిగిందా లేదా అని వంగి చూస్తాడు, వెలిగినా ఇంకోసారి నొక్కుతాడు. ఆ పేరుతో పిలిస్తే కోపం రాదు, పలుకుతాడు. దొంగ చేతికి తాళాలిచ్చామనుకున్నాను, ఇప్పుడు దొంగా తాళమూ ఒకే ఇంట్లో కాపరం అన్నాడు. అందరూ నవ్వారు. మేడమ్ ఒక్కతే నవ్వకుండా, అతను చెప్పడు, ఈవిడ అడగదు, నాకది చాలు అంది. ఆ మాట మీదే మేం ఆరు వారాలు కాపరం చేశాం. ఆయన మరీ పట్టింపు మనిషి. పాత కథల్లో ఇల్లాలు పెనిమిటి పేరు పలకనట్టు ఈయన ఇంట్లో అంకెలే పలకడం మానేశాడు. పాలు ఎన్ని ప్యాకెట్లు చెప్పమంటే వేళ్ళు చూపిస్తాడు. ఎన్నింటికి వస్తావంటే చీకటిపడకముందే అంటాడు. కొత్తకాపురానికి కర్టెన్లు కొనడానికి వెళ్ళినప్పుడైతే చూడాలి, ఇంట్లో టేపు పెట్టి పడగ్గది కిటికీ కొలిచింది ఈయనే, షాపువాడు ఎంత పొడవు సార్ అనగానే నావైపోసారి చూసి, చెవులు ఎర్రబడి, ఒకటిన్నర మీటరు చాలు అనేశాడు. తెచ్చి తగిలిస్తే బెత్తెడు పొట్టి. అత్తయ్య చూడ్డానికొచ్చి, ఇదేంటి అబ్బాయ్, కర్టెనుకి లాగు తొడిగావా అంది. మార్పిస్తానంటాడు, నేనే చూద్దాంలే అంటున్నాను. పొద్దున్నే ఆ బెత్తెడు సందులోంచి ఎండ మంచం మీదికి పట్టీలా వస్తుంది, ముందు ఆయన కాలి బొటనవేలు వెలుగుతుంది, తర్వాత నాది, ఎవరి వేలు వెలిగితే వాళ్ళు లేచి టీ పెట్టాలి, ఎప్పుడూ ముందు ఆయనదే వెలుగుతుంది, అందుకే అటువైపు పడుకోబెట్టాను.

అద్దం తుడుద్దామని చేతిరుమాలు కోసం బ్యాగు వెతికాను. కొత్త బ్యాగు పట్టీ నిన్న తెగింది, అందుకని ఇవాళ పాత గోధుమరంగుది తెచ్చాను, పెళ్ళి సెలవు పెట్టిన రోజు నుంచి దీన్ని ముట్టుకోలేదు. చిన్న అరలో ఒక లవంగం, తలనొప్పి బిళ్ళ, జిగురు ఆరిపోయిన పసుపు చీటీ ఒకటి. నా రాతే. జడపిన్నులు. పాస్‌పోర్టు ఫొటోలు నాలుగు. రెండో విడత మసక మార్చాలి, మర్చిపోకు. పక్కన ఒక పువ్వు బొమ్మ కూడా వేసుకున్నాను, ఆ రోజుల్లో దేని పక్కన పడితే దాని పక్కన పువ్వు వేసేదాన్ని. మొదట నవ్వొచ్చింది. జడపిన్నులు కొన్నాను. ఫొటోలు తీయించుకున్నాను. మసక మార్చానా.

మసక మార్చానా? మనకీ నక్షత్రాలకీ మధ్య గాలి ఉంది, గాలి కదులుతుంది, సూదిమొనలాంటి నక్షత్రం చిన్న మరకలా కనిపిస్తుంది. ఆ మరక వెడల్పునే మేం మసక అంటాం. నట్టనడుమ జోరుగా తిరిగే నక్షత్రాల వెలుగూ పక్కన నిదానంగా తిరిగేవాటి వెలుగూ ఆ మరకలో కలిసిపోతాయి, నడుమ జోరు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఎంత మసకో తెలిస్తే ఆ కలిసిపోయినదాన్ని లెక్కలో విడదీయొచ్చు. మసకని తక్కువ వేసుకుంటే బిలం బరువు కూడా తక్కువ తేలుతుంది. మేం ఈ గెలాక్సీని రెండు విడతలు చూశాం. మొదటి విడత గాలి అద్దంలా ఉంది. రెండో విడత అలా లేదు. సెలవుకి ముందు ఆఖరి సాయంత్రం రెండో విడత లెక్క ఫైలు తయారుచేయడానికి మొదటి విడత ఫైలునే నకలు తీశాను, పేర్లు మార్చాను, తేదీలు మార్చాను, అప్పుడు వదిన ఫోన్ చేసింది, టైలరు షాపు మూసేస్తున్నాడు వెంటనే రమ్మని. ఆ చీటీ అప్పుడు రాసిందే. సెలవునుంచి తిరిగొచ్చాక మార్చాననే అనుకుంటున్నాను, కానీ అనుకోవడం వేరు, గుర్తుండడం వేరు. తిరిగొచ్చిన ఆ వారం నాకు గుర్తున్నవి ఆయన బల్ల మీద పెట్టిన జామపండు, మెట్ల మీద ఎదురైనప్పుడు అందరి ముందూ నన్ను మీరు అని పిలిస్తే ఆపుకోలేకపోయిన నవ్వు. ఫైలు గుర్తులేదు. అద్దం తుడిచాను. పచ్చగా ఉన్నది చెప్పుల షాపూ కాదు, బ్యాంకూ కాదు, కళ్ళజోళ్ళ షాపు.

బస్సు దిగి పరిగెత్తలేదు, పరిగెత్తితే చూసినవాళ్ళు ఎందుకని అడుగుతారు. నా గదిలోకి వెళ్ళి తలుపు మూసి ఫైలు తెరిచేసరికి పదీ ముప్పై ఎనిమిది. మొదటి విడత మసక, 0.62. రెండో విడత మసక, 0.62. ఇంకేం చూడక్కర్లేదు. ఆకాశం రెండుసార్లు ఒకే అంకె ఇవ్వదు, అలా ఇచ్చిందంటే అది ఆకాశం ఇచ్చింది కాదు, నేను నకలు తీసింది. కుర్చీలో వెనక్కి వాలి కాసేపు సీలింగు చూశాను. భయం వేయలేదు, అది ఇంకా దారిలో ఉన్నట్టుంది. ముందు వచ్చింది సిగ్గు, జడపిన్నులు మరిచిపోకుండా మసక మరిచిపోయినందుకు.

భయం తర్వాత వచ్చింది, వరండాలో. చెప్పాలి. ఎవరికి చెప్పినా వాళ్ళు మొదట వేసే లెక్క ఒకటే. అంకె ఆమె మొగుడి జేబులో ఉంది, ఆరు వారాలుగా ఒకే ఇంట్లో ఉన్నారు, కవరు విప్పే పది నిమిషాల ముందు ఆమెకి ఉన్నట్టుండి తప్పు దొరికింది, దిద్దుతానంటోంది. నేను బయటిదాన్నయితే నేనూ అదే అనుకుంటాను. ఆయన చెప్పాడని, నేను బిలం బరువుని నచ్చినవైపు జరుపుకుంటున్నానని. అప్పుడు నా లెక్క పోతుంది, ఆయన మాట పోతుంది, పాలప్యాకెట్లకి వేళ్ళు చూపించిన ఆరు వారాలూ నాటకమైపోతాయి. చెప్పకపోతే? ఎవరికీ తెలియదు. ఫైలు అడుగున ఫైలు, ఎవరూ తవ్వరు. ఒక తప్పు అంకె నా పేరుతో అచ్చవుతుంది, పాఠ్యపుస్తకంలో మాస్టారి అంకె పక్కన కూర్చుంటుంది, పిల్లలు దాన్ని బట్టీ పడతారు. ఆయన్ని పక్కకి పిలిచి అడుగుదామా? అసలు పిలవడమే తప్పు, కవరుకి ముందు మేమిద్దరం గుసగుసలాడినట్టు అవుతుంది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆయనతో చెప్పుకోకూడని కష్టం వచ్చింది, అది ఆయన గురించే. చీటీ మడతపెట్టి గుప్పిట్లో పెట్టుకున్నాను. చెమటకి పువ్వు కొంచెం కరిగింది.

సమావేశం గదిలో ప్రొజెక్టరు ఫ్యాను చప్పుడు. ముందువరసలో గ్యాసు మాస్టారు, ఉన్నిటోపీ ఒళ్ళో పెట్టుకుని, చెవిమీద పెన్సిలు. గోడవైపు మా ఆయన, మోకాళ్ళ మీద కవరు, కవరు మూత మీద మేడమ్ సంతకం అడ్డంగా. నావైపు చూడలేదు, నేనూ చూడలేదు, ఇది మాకు అలవాటైన పనే. మేడమ్ గడియారం చూసి మొదలుపెడదామా అంది. నేను నిలబడ్డానని నాకు తెలిసింది కుర్చీ చప్పుడు విన్నాక.

"ఒక్క నిమిషం మేడమ్. కవరు విప్పకముందే చెప్పాలి. నా లెక్కలో తప్పుంది."

రెండో విడత మసకకి బదులు మొదటి విడతది పడిందని, దిద్దితే బరువు పెరుగుతుందని, ఎంత పెరుగుతుందో తెలియదని, బస్సులో పాత బ్యాగులో చీటీ దొరికిందని అన్నీ వరసగా చెప్పాను. నేను ఆపాక అనుమానం గొంతు సవరించుకున్నాడు. ఆయన గొంతులో ఎకసెక్కం లేదు, అదే కష్టంగా అనిపించింది.

"సెలవునుంచి వచ్చి నెల దాటింది. ఇన్నాళ్ళూ దొరకని తప్పు ఇవాళే దొరికిందా అమ్మాయ్? అదీ కవరు మీ ఇంట్లో ఉండగా?"

గది ఒక్కసారి చిన్నదైపోయింది. మేడమ్ మా ఆయనవైపు తిరిగింది, చాలా మామూలుగా, తలుపు వేశారా అని అడిగినట్టు, మీరేమైనా చెప్పారా అని అడిగింది.

"ఇంట్లో పాలు ఎన్ని ప్యాకెట్లో కూడా చెప్పట్లేదు మేడమ్," అన్నాడు ఆయన. వెనకెవరో నవ్వి ఆపుకున్నారు. ఆయన నవ్వలేదు. నావైపు తిరిగి, "నువ్వు ఆ చీటీ చూపించు," అన్నాడు.

నువ్వు అన్నాడు. ఆఫీసులో ఎప్పుడూ మీరే, లిఫ్టులో ఇద్దరమే ఉన్నా మీరే, ఆ గట్టు దాటేశాడు, దాటినట్టు తనకే తెలియలేదు. ఇంత గొడవలో కూడా ఆ నువ్వు నాకు బాగుంది, సిగ్గులేదు నాకు. చీటీ అనుమానం చేతికిచ్చాను. ఆయన వెలుతురుకి పెట్టి ముందూ వెనకా చూసి, జడపిన్నులతో సహా పైకి చదివాడు. చదివి, ఇది నిన్న రాసినా ఇలాగే ఉంటుంది అన్నాడు. ఉంటుంది అన్నాను, నిజమే కదా. నేను చెప్పగలిగింది ఒక్కటే ఉంది.

"మసక ఎంతో నేను చెప్పను. రెండో విడతలో కొలిచింది మీరే. మీ నోటుబుక్కులో ఉంది. అక్కడున్నదే వేద్దాం."

అనుమానం తన గదికి వెళ్ళాడు. మాస్టారు టోపీ పెట్టుకుని మళ్ళీ తీశారు. అనుమానం తెచ్చింది మూలలు మడతపడ్డ నీలం అట్ట పుస్తకం, ఏడాదిన్నర కిందటిది, అప్పటికి ఈ అంకె పుట్టలేదు, అప్పటికి మేం లిఫ్టులో అంతస్తులు లెక్కపెట్టుకునే పరాయివాళ్ళం. వేలుతో వరసలు దిగుతూ చదివాడు, "గాలి బాగాలేదు. ఒంట్లోనూ బాగాలేదు. మసక సున్నా పాయింట్ తొమ్మిది ఒకటి." తన రాతని తనే ఇంకోసారి చూశాడు. తన రాతని అనుమానించడం ఆయనకి కూడా కష్టమే. మేడమ్ అప్పుడు తీర్పు చెప్పింది. కవరు ఇంకా విప్పలేదు, కాబట్టి దిద్దొచ్చు. దిద్దకముందు అంకె, దిద్దిన అంకె రెండూ బోర్డు మీద చెరగని సిరాతో రాయాలి, ఆ తర్వాతే కవరు. ఇప్పుడే, అందరి ముందూ.

కక్ష్యల లెక్కంతా ముందే చేసి ఉంది, మసక మార్చి చూసిన వెలుగుతో మళ్ళీ పోల్చడమే, ఇరవై నిమిషాలు. తెరమీద ఒక గీత ఎడమనుంచి కుడికి పాకుతోంది. అందరూ దాన్నే చూస్తున్నారు. ఇంత దూరంనుంచి బయల్దేరిన వెలుగు, బయల్దేరినప్పుడు ఇక్కడ మనుషులే లేరు, ఇప్పుడు ఇరవై నిమిషాలు ఆగలేకపోతున్నాం. మూడో వంతు దాటింది. ఆయన కవరుని మోకాళ్ళ మీద అటూ ఇటూ సర్దుతున్నాడు. ఆ వేళ్ళే పాలవాడికి రెండని చూపించేవి, కూరలవాడికి మూడని చూపించేవి, అరకిలో ఎలా చూపించాలో తెలియక వేలు మధ్యకి మడిస్తే వాడు, వేలికి దెబ్బ తగిలిందా సార్ అని అడిగాడు. నేను గట్టిగా నవ్వేశాను ఆ రోజు. ఇంత శ్రద్ధగా కాపాడినదాన్ని నేను ఒక్క చీటీతో బజారున పడేశానేమో. నన్నెవరైనా నమ్మకపోతే నేను ఇంకో లెక్క చేసి చూపించుకోగలను. ఆయన చూపించుకోడానికి ఏముంది, చెప్పలేదు అన్నదానికి సాక్ష్యం ఎక్కడినుంచి తెస్తాడు. మూడొంతులు దాటింది. కిటికీకి అవతల తుంపర ఆగినట్టుంది. ఈ పాటికి మా పడగ్గదిలో ఎండ పట్టీ మంచం దిగి నేలమీదికి వచ్చుంటుంది.

గీత చివరికొచ్చింది. ఆరు కోట్ల ఎనభై లక్షలు. బోర్డు మీద పైన ఐదు కోట్లు, కింద ఆరు కోట్ల ఎనభై లక్షలు, రెండూ అనుమానమే రాశాడు, రాసి సమయం కూడా వేశాడు, పదకొండు గంటల ముప్పై ఏడు నిమిషాలు. మేడమ్ కవరు తీసుకుని సంతకం చిరగకుండా పక్కనుంచి కత్తిరించింది. లోపల చిన్న తెల్లకాగితం. అందరికీ కనపడేలా పట్టుకుంది. ఒకటి పాయింట్ ఆరు.

అనుమానం పై అంకెని భాగించాడు. మూడు కోట్ల పన్నెండున్నర లక్షలు. ఎవరో అయ్యో అన్నారు. మాస్టారి అంకె మూడు కోట్ల పది లక్షలు, పుస్తకంలో ఉన్నది, ఇరవై ఏళ్ళుగా ఉన్నది, దానికి వెంట్రుకవాసి దూరంలో. నేను బస్సులో అద్దం తుడవకపోయి ఉంటే ఈ క్షణం చప్పట్లు మోగేవి, మాస్టారు లేచొచ్చి నా తలమీద చెయ్యి పెట్టేవారు, ఫొటో తీసేవాళ్ళు. తర్వాత కింది అంకెని భాగించాడు. నాలుగు కోట్ల పాతిక లక్షలు. దేనికీ సరిపోని అంకె. ఒంటరిగా బోర్డు మీద నిలబడ్డ అంకె. నాది.

అనుమానం మూత తీసిన పెన్నుతో అలాగే నిలబడి పై లెక్క ఓసారి, కింది లెక్క ఓసారి చూశాడు. ఆయన అనుమానిస్తున్నాడంటే పెదాలు కదులుతాయి, కదిలాయి, ఆగాయి.

"అంకె తెలిసినవాళ్ళెవరైనా దీన్ని పట్టుకుని కూర్చుంటారు," అన్నాడు పై లెక్కని పెన్నుతో తట్టి. "నోరు మూసుకుని. ఇంత చక్కగా కుదిరినదాన్ని తెలిసి తెలిసి చెడగొట్టుకునే దొంగలు ఉండరు." పెన్నుకి మూత పెట్టాడు. గోడవైపు తిరిగి మా ఆయనతో, "ఏమీ అనుకోకయ్యా," అన్నాడు. మా ఆయన ఏమీ అనుకోలేదని తల ఊపాడు, కానీ చెవులు ఎర్రగా ఉన్నాయి.

మాస్టారు అప్పటికే చెవిమీది పెన్సిలు తీసి టోపీలో ఉన్న కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. నా అంకెకీ దీనికీ కోటికి పైగా తేడా ఉందన్నమాట అన్నారు, నీది తప్పా, నాది తప్పా, వాయువు మనం అనుకున్నట్టు తిరగట్లేదా, రేపు పొద్దున్నే నా పాత ఫైళ్ళు పట్టుకొస్తానమ్మా, కూర్చుందాం. ఇరవై ఏళ్ళ అంకె కదిలితే బాధపడతారేమో అనుకున్నాను. తలనిండా పని దొరికిన మనిషి ముఖం అది. మేడమ్ దినచర్య పుస్తకంలో వచ్చింది వచ్చినట్టు రాసింది, నాలుగు కోట్ల పాతిక లక్షలు, కింద నా సంతకం పెట్టించుకుంది. సంతకంలో కొత్త ఇంటిపేరు రాయడం ఇదే మొదటిసారి, ఒక అక్షరం తడబడింది, దాన్ని మాత్రం దిద్దుకోనిచ్చింది.

నేను సంతకం పెడుతూనే ఇంకో లెక్క చేస్తున్నాను. ఒకటి పాయింట్ ఆరు. షాపువాడు ఎంత పొడవు సార్ అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒకటిన్నర చాలు అన్నాడు. పది సెంటీమీటర్లు, బెత్తెడు. అయ్యో నా తండ్రీ.

వరండాలో ఎవరూ లేకుండా చూసి అడిగాను. "మన కిటికీ పొడవెంత?"

ఆయన అలవాటుగా చెయ్యి పైకెత్తాడు, వేళ్ళు చూపిద్దామని. వేళ్ళని చూసుకుని దించేశాడు. రెండువైపులా చూసి, మెల్లగా, చాలా రోజులకి నోట్లో వేసుకున్న తీపి నమిలినట్టు, "ఒకటి పాయింట్ ఆరు," అన్నాడు. వినపడలేదన్నాను. "ఒకటి పాయింట్ ఆరు మీటర్లు," అన్నాడు గట్టిగా, వరండా అంతా వినపడేలా, "ఆ రోజు టేపు తీస్తే అంతే వచ్చింది, నేనేం చెయ్యను?"

నీలం అట్ట పుస్తకం చంకలో పెట్టుకుని అనుమానం అటే వస్తున్నాడు. ఆ అంకె వినగానే ఆగాడు. మళ్ళీ ఏంటది అన్నాడు. కిటికీ కొలతండీ, కర్టెనుకి అన్నాను. ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఒక్కసారే కొలిచారా?"

సాయంత్రం వెళ్ళి మళ్ళీ కొలుస్తాం అన్నాడు మా ఆయన. కొలుస్తాం, కానీ కర్టెన్ మార్చం, అది ఆయనకింకా చెప్పలేదు.